పోయినవారి ఫోన్ ఎవరిది?

ప్రశ్న: నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఈమధ్యే పోయారు. అమ్మకు ఆయన పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు సంవత్సరీకం నాటికి ఉంటాయో లేదోనని అమ్మకు బెంగ. తమ్ముడేమో నాన్న సిమ్‌తోనే ఇంకా ఫోన్‌పే వాడుతున్నాడు. చట్టం ఏమంటుంది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు తమ్ముడి సంగతి చూద్దాం. ఆ ఫోన్‌పే వాడకం ఇవాళే ఆపమనండి. పిన్ నంబరు తెలిసినంత మాత్రాన ఆ డబ్బు అతనిదైపోదు. విల్లు లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికీ, పిల్లలందరికీ, బతికుంటే మీ నాయనమ్మకూ సమాన వాటా. మిగతావారిని మోసగించే ఉద్దేశంతో వాడుకున్నాడని తేలితే భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షన్ వర్తిస్తుంది. నామినీ అయినా సరే, డబ్బు తీసుకుని వారసులకు అప్పగించాల్సినవాడే. మరణ ధ్రువపత్రంతో బ్యాంకులో క్లెయిమ్ పెట్టండి.

అలాగని సిమ్ తీసి పారేయకండి. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే కనెక్షన్ తీసేయవచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో పోతుంది. వాట్సాప్ ఖాతా 120 రోజులు కదలకపోతే రద్దవుతుంది. గూగుల్ ఖాతాకు గడువు 2 ఏళ్లు. పెద్దకర్మ నుంచి మాసికాల దాకా అన్నీ గుర్తుచేసే బంధువులు ఈ తేదీలు మాత్రం చెప్పరు! సిమ్‌ను అమ్మగారి పేరుకు మార్చమని దరఖాస్తు చేసి, రీచార్జి చేయిస్తూ ఉండండి.

అమ్మగారి బెంగకు మందు ఆమె చేతిలోనే ఉంది. ఆమెకు పంపిన మెసేజీలు ఆమె ఫోన్‌లోనూ ఉంటాయి కదా. ఆ చాట్‌ను వాయిస్‌లతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, పిల్లల దగ్గర ఒకటి దాచండి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాన్నగారి ఫోన్ తాళం తెలియకపోతేనే చిక్కు. ఫోన్ ఆస్తి, వారసులది. లోపలి ఖాతాల పాస్‌వర్డులు వారసులకు ఇచ్చి తీరాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. జర్మనీలో 2012లో మెట్రో రైలు కింద పడి చనిపోయిన 15 ఏళ్ల అమ్మాయి తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, ఫేస్‌బుక్ ఖాతా కూడా ఉత్తరాల్లా, డైరీల్లా వారసత్వంగా వస్తుందని 2018లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు తేల్చింది. మన కోర్టుల ముందుకు వచ్చిన ప్రశ్న వేరు. జయలలిత విషయంలో 2021లో మద్రాసు హైకోర్టు, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ విషయంలో 2023లో ఢిల్లీ హైకోర్టు, వ్యక్తి గోప్యత హక్కు ఆ వ్యక్తితోనే పోతుందన్నాయి.

ఈ మాట విశాఖలో కొన్ని ఇళ్లకు గట్టిగా తగులుతుంది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. వీధుల్లో కుప్పకూలుతున్న మనుషుల దృశ్యాలు దేశమంతా చూసింది. చనిపోయినవారి గోప్యత పేరుతో ఇలాంటి వార్తా దృశ్యాలను తీయించడం చాలా కష్టం. నా దృష్టిలో ఇది చట్టంలో పెద్ద లోటు. అయితే పోయినవారిపై అబద్ధం అంటగట్టి, ఇంటివారి మనసు గాయపరిచే ఉద్దేశంతో పెడితే అది పరువునష్టమే. న్యాయ సంహిత 356వ సెక్షన్ వివరణ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. నాన్నగారి ఫొటోతో నకిలీ ఖాతా తెరిచి డబ్బులడిగితే ఐటీ చట్టం 66డి ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మరో జాగ్రత్త. ఎవరో బంధువు మంచికే అనుకుని మరణ వార్తను ఫేస్‌బుక్‌కు తెలియజేస్తే, అది స్మారక ఖాతాగా మారుతుంది. ఆ తర్వాత పాస్‌వర్డు ఉన్నా లోపలికి వెళ్లలేరు. కావలసిన ఫొటోలు ముందే తీసుకోండి.

ఇక అమ్మగారి ఫోన్ సంగతి. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’, ఫేస్‌బుక్‌లో ‘లెగసీ కాంటాక్ట్’ ఇప్పుడే మీ పేరున పెట్టించండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 14వ సెక్షన్ డేటాకూ నామినీని పెట్టుకోనిస్తుంది. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల లెక్కన అది 2027 మేలో అమల్లోకి రావాలి. అయితే పేరు బతికుండగానే ఇవ్వాలి. నాన్నగారి విషయంలో అది పనికిరాదు.

విల్లు మాత్రం ఫోన్‌లో రికార్డు చేస్తే చెల్లదు. కాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉండాలి. అందులో పాస్‌వర్డులు రాయకండి, విల్లు పదిమంది చేతుల్లో తిరిగే కాగితం. అవి వేరే కవరులో పెట్టి, ఆ కవరు ఎక్కడుందో విల్లులో రాయించండి.