మా ఇంటి కంప్యూటర్‌లో దారి మళ్లించే దొంగ

కిందటి నవంబరు మొదటి వారంలో నాన్నగారు పింఛను లైఫ్ సర్టిఫికెట్ పని చూసుకుందామని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తన బ్యాంకు పేరు టైపు చేస్తే వచ్చిన పేజీలో మొదటి వరుసలోనే ‘కస్టమర్ కేర్’ అంటూ ఒక మొబైల్ నంబరు ఉంది. ఆయన ఫోన్ చేశారు. అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడి, మొబైల్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ ఒకటి వేసుకోమన్నాడట. “మా అబ్బాయి బ్యాంకులోనే పనిచేస్తాడు బాబూ, సాయంత్రం వచ్చాక వాడిచేత వేయిస్తాను” అన్నారట నాన్నగారు. వెంటనే లైన్ కట్టయింది.

శాఖకు వచ్చే ఖాతాదారులకు ఇలాంటి నంబర్ల గురించి నేను రోజూ చెబుతూనే ఉంటాను. ఆ నంబరు మా ఇంటి హాల్లోనే కనిపించింది!

నా ఫోన్‌లో అదే పేరు వెతికితే ఆ నంబరు రాలేదు. కంప్యూటర్‌లో మాత్రం ఏం వెతికినా అడ్రస్ బార్‌లో ఏదో తెలియని పేరు ఒక్క క్షణం మెరిసి, ఆ తర్వాత గూగుల్‌లాగే కనిపించే మరో పేజీ తెరుచుకుంటోంది. దీన్నే బ్రౌజర్ హైజాకర్ అంటారు. ఇది ఫైళ్లను పాడుచేయదు. హోమ్ పేజీని, సెర్చ్ ఇంజిన్‌ను మార్చేసి, మనం వెతికే ప్రతిదాన్నీ తనకు డబ్బు వచ్చే ప్రకటనల మీదుగా తిప్పుతుంది. ఆ ప్రకటనల్లో ఎవరు దూరతారో అడిగే నాథుడు ఉండడు. 2017లో చెక్ పాయింట్ సంస్థ ‘ఫైర్‌బాల్’ అనే హైజాకర్ 25 కోట్ల కంప్యూటర్లలో చేరిందని అంచనా వేసింది. ఆ లెక్క ఎక్కువ చేసి చెప్పిందని మైక్రోసాఫ్ట్ అభ్యంతరపెట్టింది కానీ, ముప్పు నిజమేనని ఒప్పుకుంది.

ఎలా వచ్చిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. మా అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు కోసం ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్ ఒకటి దించుకుని, ‘నెక్స్ట్, నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయింది. ‘కస్టమ్’ ఎంచుకుని ఉంటే దానితో పాటు వచ్చే మరో రెండు సాఫ్ట్‌వేర్ల పక్కన టిక్కు తీసేసే వీలు ఉండేది. తనను కోప్పడలేదు. ఋణపత్రాల మీద మనమూ అలాగే సంతకాలు పెట్టించుకుంటాం కదా.

నేను చేసిన మొదటి పొరపాటు, నేరుగా శుభ్రం చేయడానికి దిగడం. ముందుగా ఇంటర్నెట్ తీసేసి, వేరే ఫోన్ నుంచి నెట్ బ్యాంకింగ్, ఈమెయిల్ పాస్‌వర్డులు మార్చాలి. అన్ని వెబ్‌సైట్లలో సమాచారాన్ని చదివే అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్, మనం టైపు చేసే పాస్‌వర్డును కూడా చదవగలదు. అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డు మారిస్తే కొత్తది కూడా దాని చేతికి ఇచ్చినట్టే. ఈ సంగతి నాకు రాత్రి పదకొండుకు తట్టింది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్‌ను గూగుల్‌కు మార్చాను. పొద్దున్నే చూస్తే మళ్లీ పాత కథ. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళితే అనుమానాస్పదమైనది ఒకటి కనిపించింది గానీ, దాని పక్కన ‘రిమూవ్’ బటన్ లేదు. క్రోమ్ మెనూ అడుగున ‘ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. మా ఇంట్లో ఐటీ విభాగం ఎక్కడ నుంచి వచ్చింది?

తెలుసుకోవలసిన కిటుకు ఇదే. ఆఫీసు కంప్యూటర్లలో ఆ వాక్యం కనిపించడం సహజం. మన ఐటీ విభాగం విండోస్ రిజిస్ట్రీలో ‘పాలసీ’లు రాసి బ్రౌజర్‌ను అదుపులో ఉంచుతుంది, వాటిని మనం ముట్టుకోకూడదు. హైజాకర్ ఇంటి కంప్యూటర్‌లో అవే పాలసీలు రాసుకుని యజమాని వేషం కడుతుంది. అందుకే దాన్ని తీసేసే బటన్ మాయమవుతుంది.

మన ఐటీ విభాగంలోని మిత్రుడొకరు రెండో సాయంత్రం వచ్చి నాచేత వరుసగా చేయించారు. విండోస్‌లోని యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ ప్రకారం అమర్చి, కన్వర్టర్ వచ్చిన రోజునే చేరిన మూడింటినీ తొలగించాం. టాస్క్ షెడ్యూలర్‌లో, కంప్యూటర్‌లో లాగిన్ అయిన ప్రతిసారీ నడిచే పని ఒకటి దొరికింది. రోజూ పొద్దున్నే అది తిరిగి రావడానికి కారణం ఇదే. రిజిస్ట్రీని కాపీ తీసి పెట్టుకున్నాకే అందులోని క్రోమ్ పాలసీలను తుడిచాం. ఈ మెట్టు మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా చేయవద్దు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ గుర్తు ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ చివర ఒక వెబ్ చిరునామా అతికించి ఉంటే, దాన్నీ చెరిపాం. తర్వాత క్రోమ్‌ను రీసెట్ చేశాం. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు పోతాయని చాలామంది భయపడతారు కానీ అవి పోవు. చివరగా మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైటులోనూ ఉచిత శుభ్రపరిచే సాధనాలు దొరుకుతాయి.

అయినా మూడో రోజున ఎక్స్‌టెన్షన్ మళ్లీ ప్రత్యక్షమైంది! మా అమ్మాయి ల్యాప్‌టాప్ కూడా అదే గూగుల్ ఖాతాతో సింక్ అవుతోంది. రోగం అక్కడి నుంచి ఇక్కడికి వస్తోందన్నమాట. సింక్ ఆపి, దాన్నీ శుభ్రం చేశాక గానీ వదలలేదు.

నాన్నగారు ఆ యాప్ వేసుకుని ఓటీపీ చెప్పి ఉంటే ఏమయ్యేదో మనకు తెలుసు. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మూడో పక్షానిదై, 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. రహస్య వివరాలు తానే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా ఆయనదే. అందుకే డబ్బు పోయిందనగానే 1930కి, బ్యాంకుకు వెంటనే ఫోన్ చేయమని చెబుతున్నాం. బ్యాంకుల వెబ్ చిరునామాలు 2025 అక్టోబరు 31 నాటికి ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటిని నమోదు చేసేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. నాన్నగారి బ్యాంకు చిరునామాను బుక్‌మార్కుగా పెట్టి, సెర్చ్ చేయవద్దని చెప్పాను.

ఆయన తల ఊపారు. లైఫ్ సర్టిఫికెట్ మాత్రం ఆ మర్నాడే శాఖకు నడిచి వెళ్లి ఇచ్చి వచ్చారు. నాకు మూడు సాయంత్రాలు పట్టిన వ్యవహారంలో ఆయన పని అరగంటలో అయిపోయింది.