చట్టసభలో కర్షక వాణి

చట్టసభలో నిర్ణయం ఆధిక్యానిదే అయినా, ఆ నిర్ణయాన్ని పరీక్షించేది చర్చ. ఇందుకు ఆచార్య ఎన్.జి. రంగా జీవితం చక్కని ఉదాహరణ.

రంగా 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో విద్యనభ్యసించి, 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. 1946 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో లక్ష్యాల తీర్మానంపై ప్రసంగిస్తూ, దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు సామాన్య ప్రజలేనన్నారు. హక్కులను ప్రకటిస్తే చాలదని, వాటిని అందుకొనేందుకు ఆసరా కల్పించాలని వాదించారు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని ఆమోదించింది. చిన్న కమతాలు కలిస్తే దిగుబడి పెరుగుతుందని నెహ్రూ విశ్వసించారు. భూయాజమాన్యం నామమాత్రమైతే రైతు స్వేచ్ఛను కోల్పోతాడని రంగా భావించారు. పాలకపక్షాన్ని వీడి, ఆ ఏడే ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు.

జమీందారీ వ్యవస్థపై పోరాడిన రంగా, రైత్వారీ భూములను సైతం 'ఎస్టేటు' నిర్వచనంలో చేర్చిన పదిహేడవ రాజ్యాంగ సవరణను వ్యతిరేకించారు. భూపరిమితి చట్టాలకు రక్షణ అవసరమన్నది ప్రభుత్వ వాదం. పట్టాదారు రైతును జమీందారుతో సమానంగా చూడరాదన్నది రంగా వాదం. 1964లో సవరణ నెగ్గింది. అయితే, పరిమితికి లోబడి స్వయంగా సాగుచేసుకొనే భూమిని తీసుకొంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలన్న నిబంధన అందులో చోటుచేసుకొన్నది. ఉమ్మడి సేద్యం మాత్రం దేశంలో వేళ్లూనలేదు.

అనంతరకాలంలో రంగా తిరిగి కాంగ్రెసులో చేరి, 1991 వరకు పార్లమెంటు సభ్యులుగా సేవలందించారు. ఓటింగులో ఓడినా, సహేతుకమైన వాదం సభా నివేదికలలో నిలిచి తరువాతి తరాల ఆలోచనకు ఆధారమవుతుంది.