పైకి ప్రాకు నీరు

సాయంకాలమున ఇంట దీపము పెట్టునప్పుడు ప్రమిదలోని వత్తిని ఎప్పుడైనను పరికించితిరా? నూనె ప్రమిద అడుగున నుండును. మంట అంచున వెలుగును. నడుమ ఏ యంత్రమును లేదు. అయినను నూనె పైకెక్కి మంటకు అందుచునే యుండును. నీరు పల్లమెరుగునని మనవారందురు. అది నిజమే. కాని మిక్కిలి సన్నని సందు దొరికినచో నీరైనను నూనెయైనను మెరకకు ప్రాకును.

నీటి కణములకు ఒండొంటితో పొత్తు కలదు. గాజు, నూలు, మట్టి వంటి వస్తువులతో అంతకంటె ఎక్కువ పొత్తు కలదు. అందుచే నీరు గొట్టపు గోడనంటి పైకి జరిగి, తన వెనుకటి నీటిని లాగుకొనిపోవును. ఎక్కిన నీటి బరువు ఈ ఆకర్షణకు సరితూగినంతనే ప్రాకుట ఆగును. గొట్టము సన్ననగు కొలది నీరు ఎక్కువ ఎత్తు పోవునని 1718 లో జేమ్సు జ్యూరిను అను ఆంగ్ల వైద్యుడు వివరించెను. ఒక మిల్లీమీటరు వెడల్పుగల గాజుగొట్టములో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కును. అందు పదవవంతు వెడల్పుగల దానిలో సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కును. వెంట్రుకవలె సన్నని గొట్టములను కేశనాళము లందురు. కావున ఈ ఆకర్షణమునకు కేశాకర్షణమని పేరు.

ఇక గణపవరము చేలను చూతము. ఏలూరు, తాడేపల్లిగూడెముల నుండి కొల్లేటి వైపునకు పోవు కొలది నేల పల్లమగును. ఇచ్చటి నల్లని బంకమట్టి రేణువులు అతిసూక్ష్మములు. వాని నడుమనున్న సందులన్నియు కేశనాళములే. ఇసుకలో సందులు పెద్దవి. నీరు వడిగా ఎక్కి కొద్ది ఎత్తుననే నిలిచిపోవును. బంకమట్టిలో మెల్లగా ఎక్కును గాని చాల ఎత్తునకు పోవును. డెల్టాలో కొన్నియెడల రైతులు వరికోతకు ముందే చేనిలో మినుములు చల్లుదురు. వేరుగా తడి పెట్టకున్నను, నేలలో మిగిలిన తేమయే ఈ సందుల వెంట వేళ్లకు అంది పైరును పండించును.

ఆ సందులే కీడును తెచ్చును. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండ సముద్రమునకు పోవును. వేసవిలో సరస్సు మట్టము తగ్గినప్పుడు పోటు ఉప్పునీటిని ఏటిలోనికి త్రోయును. చేల ప్రక్కనే ఏడాది పొడవునను నిండియుండు చేపల, రొయ్యల చెరువుల నుండి నీరు ఊరి, భూగర్భజలము పైకి వచ్చును. అందు ఉప్పున్నచో, దాళ్వా కోసిన పిదప ఎండలో బయటపడిన నేల యంతయు ఒక పెద్ద వత్తియే యగును. ఒక భేదము మాత్రము కలదు. వత్తి కొనను నూనె మండిపోవును. నేలపై నీరు ఆవిరియై పోయినను ఉప్పు మిగిలిపోవును. ఏటేట ఆ తెల్లని పొర దట్టమగును. అదియే చవుడు. అట్టి చేనిలో తడియున్నను వరిమొక్క దానిని పీల్చుకొనలేక ఆకుల కొనలు మాడి చచ్చును. పాత యిండ్ల గోడలు అడుగున పెచ్చులూడుటయు ఇట్టిదే. పైపూత ఎన్నిమారులు వేసినను, క్రింది తేమను ఆపనిదే అది రాలక మానదు, డబ్బు దండుగ.

తెలిసిన రైతు కోతలైన వెంటనే చేనిని పైపైన దున్నును. పైమట్టి చెదరి పెళ్లలగును. సన్నని సందులు తెగి పెద్ద ఖాళీలగును. నీరు ఆ పొర క్రిందనే నిలిచిపోవును. గడ్డి పరచినను ఎండ తగులక ఆవిరి తగ్గును. అయితే దున్నుటచే క్రొత్త ఉప్పు తగ్గునే గాని పాత ఉప్పు పోదు. అది పోవలెనన్న ధవళేశ్వరము నుండి కాలువలవెంట వచ్చు గోదావరి నీటిని చేనిలో నిలువగట్టి, కరగిన ఉప్పుతో మురుగుకోడులోనికి విడువవలెను. పంటకాలువ కొరకు పోరాడువారు పెక్కుమంది. మురుగుకోడును తలచువారు తక్కువ. కోడు పూడిన చోట కడిగిన ఉప్పు ఎటును పోలేక మరల నేలలోనికే దిగును. వేసవి రాగానే అదే దారిని మరల పైకి ప్రాకును.