బీట్ కట్టేది ఇద్దరు.. హక్కు ఇద్దరిదీ!

హిప్‌హాప్ పాటలో ముందు వినిపించేది ర్యాపర్ గొంతు. ఆ గొంతు కింద నడిచే సంగీతమంతా ప్రొడ్యూసర్ పనితనం. ఈ రంగంలో ప్రొడ్యూసర్ అంటే పెట్టుబడి పెట్టేవారు కాదు, బీట్ కట్టేవారు. స్నేహితుడితో జట్టు కట్టి ఇందులోకి రావాలనుకుంటే ‘టునైట్’ అని పలికే టీఎన్‌జీహెచ్‌టీ జంట ప్రస్థానాన్ని తప్పక తెలుసుకోండి.

ముందు ఎవరి పని వారిదే

ఈ జంటలో ఒకరు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కుర్రాడు హడ్సన్ మొహాక్. పదిహేనేళ్లకే బ్రిటన్ డీఎంసీ డీజే పోటీల ఫైనల్‌కు చేరాడు. 2009లో వార్ప్ లేబుల్ ద్వారా సొంత ఆల్బమ్ తెచ్చాడు. రెండోవాడు, కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన లూనిస్, బ్రేక్‌డాన్స్ నుంచి బీట్ల వైపు వచ్చాడు. జంటగా ఏర్పడే నాటికే ఇద్దరికీ చేతిలో పని, సొంత గుర్తింపు ఉన్నాయి.

2012లో ఐదే ట్రాకులతో వారి తొలి ఈపీ (చిన్న ఆల్బమ్) వచ్చింది. ఒక్క ర్యాపర్ కూడా లేడు. మరుసటి ఏడాది కాన్యే వెస్ట్ ‘యీజస్’ ఆల్బమ్‌లోని ‘బ్లడ్ ఆన్ ది లీవ్స్’ పాటకు వీరి ‘ఆర్ యూ రెడీ’ బీటే ఊపునిచ్చింది. అంత పేరొచ్చిన దశలోనే, 2013 చివర్లో, జంటగా పనిచేయడం ఆపేశారు. ఎవరి ఆల్బమ్‌లు వారు చేసుకుని 2019లో మళ్లీ కలిశారు. విడిగా నిలబడగలిగారు కాబట్టే ఆ విరామం వారి కెరీర్‌ను దెబ్బతీయలేదు.

సాధన ఇలా..

వారి ‘హయ్యర్ గ్రౌండ్’ను హెడ్‌ఫోన్స్‌తో వినండి. ఒక ఆడగొంతు తునక, చప్పట్లు, బూరల్లాంటి సింథ్, కిందనుంచి కుదిపే బేస్. వాడిన శబ్దాలు కొన్నే. ఏది ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు విద్య. మీరూ నాలుగైదు శబ్దాలతోనే ఒక నిమిషం బీట్ కట్టండి. ఖాళీ కనిపించిన చోటల్లా కొత్త వాయిద్యం చేర్చకండి. ఎల్‌ఎంఎంఎస్, గ్యారేజ్‌బ్యాండ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దీనికి చాలు.

ఫైళ్లు పంపే పద్ధతీ నేర్చుకోవాలి. కిక్, స్నేర్, బేస్, సింథ్.. దేనికది విడి వేవ్ ఫైల్‌గా, అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా ఎగుమతి చేయండి. ఫైల్ పేరులో టెంపో, శ్రుతి రాయండి. ఇది తెలిసినవారితో పనిచేయడం మిక్సింగ్ ఇంజినీర్‌కు తేలిక.

వాటా కాగితం

చాలా జంటలకు పేచీ వచ్చేది పైసల దగ్గరే. అందుకే బీట్ పూర్తయిన రోజే ఒక కాగితం రాసుకోండి. పాట పేరు, ఇద్దరి పూర్తి పేర్లు, స్వరరచనలో ఎవరికెంత శాతం, రికార్డింగ్‌లో ఎవరికెంత, తేదీ, సంతకాలు. స్వరరచన, రికార్డింగ్ వేర్వేరు హక్కులు కాబట్టి వాటి వాటాలు విడివిడిగానే రాయాలి. ఇతరుల పాటలోని ముక్క వాడితే ఈ రెండు హక్కులున్న వారి అనుమతీ కావాలి.

మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే పరిమితం. ఈ రెండు గడులూ చూడకుండా సంతకం పెట్టకండి. రాయల్టీలు వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో స్వరకర్తలుగా సభ్యత్వానికీ దరఖాస్తు చేసుకోండి.

చదువు, ఆదాయం

ఈ పనికి డిగ్రీ తప్పనిసరి కాదు. శబ్దశాస్త్రం లోతుగా చదవాలంటే సినిమా శిక్షణ సంస్థలైన పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలలో సౌండ్ కోర్సులున్నాయి. చెన్నైలోని కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ సంగీతం నేర్పుతుంది.

బీట్ల లైసెన్సులు, రాయల్టీలు, ప్రకటనల సంగీతం, డీజే ప్రదర్శనలు, ఇతరుల పాటల మిక్సింగ్.. ఆదాయం ఇలా చిన్న చిన్న పాయలుగా వస్తుంది. ఏ ఒక్కటీ నెలజీతంలా నిలకడగా ఉండదు. అందుకే మిక్సింగో ఎడిటింగో, ఖర్చులు వెళ్లదీసే ఒక పని ముందే చేతిలో పెట్టుకోండి. అప్పుడే నచ్చని బీట్‌ను డబ్బు కోసం చేయాల్సిన అవసరం రాదు. ప్రయోగం చేయాలనుకునే జంటకు అంతకు మించిన బలం లేదు.