ఎరువుల దుకాణాలలో వేలిముద్ర ఆధారిత సమాచార రక్షణ

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలోని నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప పండించే రైతులకు ఎరువులు, పురుగుమందులు అందించే చిన్న దుకాణాలు అరువు ఖాతాలపై నడుస్తాయి. రైతు పేరు, ఆధార్ సంఖ్య, ఫోను సంఖ్య, బాకీ వివరాలు అన్నీ ఒకే కంప్యూటరులోనో, ఒకే ఫోనులోనో ఉంటున్నాయి. ఈ సమాచారం అన్యుల పాలైతే నష్టం వ్యాపారితోపాటు రైతుకూ కలుగుతుంది.

ఇ-పాస్ విధానం

ఎరువుల రాయితీకి ప్రత్యక్ష బదిలీ పద్ధతిని మొదట ప్రయోగాత్మకంగా అమలు చేసిన జిల్లాలలో కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నాయి. 2018 నాటికి ఇది దేశమంతటా విస్తరించింది. కొనుగోలుదారు వేలిముద్రతో అమ్మకం నమోదైన తరువాతనే రాయితీ ఉత్పత్తి సంస్థకు చెల్లింపబడుతుంది. అయితే ఈ యంత్రం నిర్ధారించేది కొన్న వ్యక్తి ఎవరన్న విషయాన్ని మాత్రమే. దుకాణపు కంప్యూటరులోని ఖాతాలకు దాని వలన రక్షణ లభించదు. ఈ రెండింటినీ వేర్వేరుగా చూడాలి.

వేలిముద్ర పరిమితులు

సంకేతపదం బయటపడితే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేము. పైగా అది రహస్యమూ కాదు. 2018లో తెలంగాణలో భూమి రిజిస్ట్రేషన్ పత్రాలపైనున్న ముద్రల నుండి నకిలీ వేలిముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు పొందిన ఉదంతం వెలుగుచూసింది. ఆధార్ ఆధారిత చెల్లింపులలో బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర ఉంటే ఓటీపీ లేకుండానే నగదు తీయవచ్చు. కనుక దుకాణంలో పడివున్న ఆధార్ నకలు ప్రతి, ముద్ర వేసిన కాగితం కలిసి మోసగానికి ఆయుధమవుతాయి.

రెండవ పరిమితి శ్రమకు సంబంధించినది. ప్రత్తి తీసేవారి, మిరప తొడిమలు తీసేవారి, తాలు కాయలు ఏరేవారి వేళ్ళ గీతలు అరిగిపోతాయి. యంత్రాన్ని కఠినంగా అమర్చితే అసలు వ్యక్తినే తిరస్కరిస్తుంది. సడలిస్తే పరాయివానిని అంగీకరించే అవకాశం పెరుగుతుంది. కనుక వేలిముద్ర ఒక్కదానిపైనే ఆధారపడరాదు.

దుకాణదారులు పాటించవలసిన పద్ధతులు

1. కంప్యూటరు, ఫోనులకు వేలిముద్ర తాళంతోపాటు బలమైన పిన్ పెట్టుకోవాలి. ముద్ర నమూనా పరికరంలోనే భద్రపరచబడే పరికరాలను ఎంచుకోవాలి.
2. గుమాస్తాకు, యజమానికి వేర్వేరు ప్రవేశాలు ఉండాలి. బాకీ మార్పులు ఎవరు, ఎప్పుడు చేశారో నమోదు కావాలి. పని మానివేసినవారి ప్రవేశాన్ని ఆ రోజే తొలగించాలి.
3. రైతుల వేలిముద్ర చిత్రాలను భద్రపరచరాదు. ఆధార్ నకలు ప్రతుల బదులు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవడం మేలు.
4. యంత్రపు అద్దాన్ని ప్రతి అమ్మకం తరువాత పొడి మెత్తని గుడ్డతో తుడవాలి. దుమ్ము, మిగిలిన ముద్ర రెండూ తొలగుతాయి.
5. ఖాతాల నకలును వారానికొకసారి వేరే డిస్కులో తీసి, దానిని కంప్యూటరు నుండి విడదీసి ఉంచాలి.

రైతులకు సూచన

ఎంఆధార్ యాప్ ద్వారా వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. తాళం వేసి ఉండగా ఎరువుల దుకాణంలోనూ వేలిముద్ర పనిచేయదు కనుక, కొనుగోలుకు ముందు తాత్కాలికంగా తెరచి, తరువాత మరల వేసుకోవాలి. ముద్ర విఫలమైందని చెప్పి పదేపదే వేలు పెట్టించినచో, ప్రతిసారీ తెరపై కనిపించే వివరం అడిగి తెలుసుకోవాలి. రసీదు తప్పక తీసుకోవాలి.

ముగింపు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారం సేకరించినవారిపైనే దాని భద్రత బాధ్యతను ఉంచింది. అరువు ఇచ్చే వ్యాపారికి, తెచ్చుకునే రైతుకు మధ్య నమ్మకమే ఈ ప్రాంత సేద్యానికి పెట్టుబడి. వేలిముద్ర యంత్రం ఆ నమ్మకానికి ఒక తాళం మాత్రమే. తాళంతోపాటు ఖాతాల నిర్వహణలో క్రమశిక్షణ ఉన్నప్పుడే రక్షణ పూర్తవుతుంది.