బొమ్మలోని చెట్టు

విజయవాడ పటమట చెంతనున్న ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే వడ్రంగి బరువును, కుదుపును ఓర్చుకొనే గట్టి కలపను కోరుకుంటాడు. అక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసే పనివానికి కావలసిన గుణాలు ఇందుకు విరుద్ధమైనవి. ఆ కలప ఉలికి సులభంగా లొంగవలెను, చేతికి బరువనిపించరాదు, ఆరిన పిదప పగలరాదు. ఈ గుణాలన్నీ ఒక్కచోట చేరిన చెట్టు తెల్ల పొణికి.

మన దేశపు కలపలలో మిక్కిలి తేలికైన వాటిలో పొణికి ఒకటి. పనివారు దానిని సెగపై ఆరబెట్టి తేమను పోగొడతారు. తల, చేతులు, కాళ్లు వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దీనినే ‘మక్కు’ అంటారు. దానిపై సున్నపు పూత, ఆపైన రంగులు. అంబారీ ఏనుగు తొండపు వంపు, తాటిచెట్టెక్కే గీత కార్మికుని భంగిమ అంత సుకుమారంగా కుదరడంలో పనివాని నేర్పుతోపాటు కలప మెత్తదనానికీ పాలు ఉన్నది.

అయితే పొణికి అడవి చెట్టు. బొమ్మకు కావలసినది కాయో, ఆకో కాదు, కలప. నరికినంత వేగంగా నాటినవారు లేరు. అందువలన కొండపల్లి పరిసరాలలో అది అరుదైపోయి, పనివారిని కలప కొరత వేధిస్తున్నది.

ఇక్కడ రబ్బరు చెట్టు కథ తెలుసుకోదగినది. కేరళ తోటలలో ఈ చెట్టు సుమారు 25 నుండి 30 ఏళ్లు పాలనిచ్చి, దిగుబడి తగ్గగానే నరకబడుతుంది. ఆ చోటనే కొత్త మొక్క నాటుతారు. పూర్వం ఆ కలప చాలవరకు వంటచెరకుగానే పోయేది. దానిలోని పిండిపదార్థం, చక్కెరల కోసం పురుగు, బూజు త్వరగా పట్టడమే అందుకు కారణం. బోరాన్ లవణాల ద్రావణం పట్టించి, వేడి గదులలో ఆరబెట్టే పద్ధతి వచ్చిన తరువాత అదే కలప బల్లలకు, కుర్చీలకు యోగ్యమైనది. థాయిలాండ్‌లో 1981లో మొదలైన ప్లాన్ టాయ్స్ సంస్థ పాలుడిగిన రబ్బరు చెట్లతోనే పిల్లల బొమ్మలు చేస్తున్నది. సహజారణ్యాన్ని నరికి రబ్బరు తోట వేసిన చోట మాత్రం ఆ కలపను పర్యావరణ హితమనడం సగం సత్యమే.

మరి కొండపల్లికి రబ్బరు కలపనే తెప్పించరాదా? అది పొణికి కంటె ఎంతో బరువైనది, గట్టిది. యంత్రపు కోతకు ఒదుగుతుంది గాని, కొండపల్లి ఉలికి పొణికి వలె లొంగదు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు వాడే అంకుడు చెట్టుకు మరొక సౌలభ్యం కలదు. నరికిన మోడు నుండి అది తిరిగి చిగురిస్తుంది.

కాబట్టి పొణికికి కూడా తోటలే వేయవలెను. కష్టమంతా ఇక్కడే ఉన్నది. రబ్బరు రైతుకు ఏడవ ఏట నుండే పాల రాబడి మొదలవుతుంది. కలప అతనికి చివర లభించే అదనపు ఫలం. పొణికి నాటిన రైతుకు చెట్టు కోతకు వచ్చేదాకా చెప్పుకోదగిన ఆదాయం లేదు. ఆ నడుమ సంవత్సరాల ఖర్చును బొమ్మల ధరలోనుండి రాబట్టవలెనా, ప్రభుత్వమే భరించవలెనా అన్నది తేలితే గాని పొణికి తోట నిలవదు.