తడి వాకిట్లో డ్రిల్లింగు మిషను

వాన వెలిసింది. వడ్రంగి తన ఇంటి తలుపుకు గడియ బిగించాలనుకున్నాడు. డ్రిల్లింగు మిషను తెచ్చాడు. దాని వైరు చాలలేదు. పాత వైరు ముక్క కలిపి టేపు చుట్టాడు. ఆ అతుకు తడి నేల మీద పడింది.

కోడలు చూసింది. గబగబా స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసేసింది.

"మామయ్యా! అతుకు నీళ్లలో ఉంది. మీ కాళ్లకు చెప్పులైనా లేవు."

"ముప్పై ఏళ్ల పని అమ్మా. ఏం కాదులే."

"ఉలి జారితే వేలు తెగుతుంది. కరెంటు పట్టుకుంటే వదలదు మామయ్యా."

ఇంటి కరెంటు 230 వోల్టులు. ఒళ్లు తడిగా ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను ఎర్తుది. రెండు రంధ్రాల్లో పట్టించాలని కొందరు దాన్ని విరిచేస్తారు. అప్పుడు మిషను రేకులోకి వచ్చిన కరెంటుకు ఎర్తు దారి ఉండదు. మిషను పట్టుకున్న మనిషిలోంచి నేలలోకి పోతుంది.

బిట్టు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు కూడా తీయాలి. కొంగు, వదులు చొక్కా మిషనుకు తగలరాదు. ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకూడదు. ముందు మెయిను ఆపాలి. అందకపోతే పొడి కర్రతో వైరును తోసి, 108కి ఫోను చేయాలి.

మామ అరుగెక్కి కూచున్నాడు. అతుకు లేని పొడుగు వైరు తెమ్మని మనవణ్ణి బజారుకు పంపాడు. గడియ మర్నాడు, నేల ఆరాక బిగించాడు.